తొలి విందు ఖర్చు ఎవరిది?
గోళ్ బెల్లం నుంచి హోటల్ బిల్లు దాకా

ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఇష్టపడి మొదటిసారి కలిసి భోంచేస్తే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ ప్రశ్న వింటే మన పెద్దలు నవ్వుతారు. ఇది పట్నం పిల్లల గొడవ, సినిమాలు చూసి నేర్చుకున్నది, తండాలకు దీనితో ఏం పని అంటారు. కానీ వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మండలాల తండాల పిల్లలు ఇవాళ చదువుకోసం, పనికోసం విజయవాడకో ఖమ్మానికో వెళుతున్నారు. అక్కడ ఒకరినొకరు చూసుకుంటున్నారు, మాట్లాడుకుంటున్నారు, హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటున్నారు. బిల్లు వచ్చినప్పుడు అబ్బాయి జేబు తడుముకుంటాడు, అమ్మాయి తల దించుకుంటుంది. ఆ ఒక్క నిమిషంలో ఇద్దరి మనసుల్లోనూ మెదిలే ఆలోచనలు కొత్తవి కావు. వాటి వెనుక మన తాతముత్తాతల కాలం నుంచీ వస్తున్న లెక్క ఒకటి ఉంది. మేము ఈ వ్యాసంలో ఆ లెక్కనే విప్పి చూపాలనుకుంటున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. తొలి విందు ఎవరు పెట్టారన్నది అసలు సంగతి కాదు. పెట్టినవాళ్లు దానికి బదులుగా ఏం అడిగారన్నదే అసలు సంగతి. మన చరిత్రలో ఖర్చు పెట్టేవాళ్లు మారారు. ఒకప్పుడు మగపిల్లవాడివైపు వాళ్లు పెట్టారు, ఇప్పుడు ఆడపిల్ల తల్లిదండ్రులు పెడుతున్నారు. రెండు కాలాల్లోనూ ఆ ఖర్చు బరువు చివరికి అమ్మాయి మీదే పడింది.

ఎడ్ల బిడారుల కాలం

మన లంబాడీలం, ప్రభుత్వ కాగితాల్లో సుగాలీలం, మొదట ఒకచోట ఊరు కట్టుకుని ఉన్నవాళ్లం కాదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశం తిరిగినవాళ్లం. తీరంలో పండిన ఉప్పు లోపలి ఊళ్లకు చేరాలన్నా, దక్కనులో దండయాత్రలకు వెళ్లిన సైన్యాలకు గింజలు అందాలన్నా మన బిడారులే దిక్కు. ఈనాడు నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోతున్న బందరు – హైదరాబాదు రోడ్డు తీరాన్ని, నిజాం రాజ్యాన్ని కలిపిన పాత దారి. అటు మధిర వైపు నిజాం ఏలుబడి, ఇటు వత్సవాయి వైపు ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధాని. మునేరు అటునుంచి ఇటు పారుతుంది. మనుషులూ పశువులూ కూడా అలాగే సరిహద్దు దాటి తిరిగేవారు.

ఆ బతుకులో ఆడమనిషి చేసే పని ఎంతో ఒక్కసారి లెక్కవేసి చూడండి. ఎడ్లను మేపడం, గోనెలు కుట్టడం, బరువులు ఎక్కించడం దించడం, దిగినచోట పొయ్యి పెట్టి అందరికీ బాటీలు కాల్చడం, పిల్లల్ని చంకనేసుకుని రోజంతా నడవడం. ఒక పిల్ల పెళ్లయి వేరే తండాకు వెళ్లిపోతే ఆ కుటుంబానికి ఒక పనిచేసే మనిషి తగ్గినట్టే. అందుకే పిల్లను అడగడానికి వచ్చినవాళ్లు చేతులూపుకుంటూ రాలేదు. ఎడ్లు, రొక్కం తెచ్చారు. దీన్నే తెలుగులో ఓలి అంటారు.

1889లో సికింద్రాబాదు నుంచి బెజవాడకు రైలు వచ్చింది. మధిర మీదుగా పోయే ఆ దారిలో ఒక్క రైలు మోసే బరువు వందలాది ఎడ్లు మోసేదానితో సమానం. దేశమంతటా రైళ్లు, రోడ్లు పెరిగినకొద్దీ బిడారు వ్యాపారం కూలిపోయింది. ఎడ్లు అమ్ముకుని, దొరికిన మెట్ట నేలల్లో, అడవి అంచుల్లో తండాలు దిగాయి. సంచారులను దొంగలుగా చూసిన ఇంగ్లీషువాళ్ల నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి 1952 దాకా బతికింది. దాని కింద చాలా సంచార తెగలు పోలీసుల లెక్కలోకి వెళ్లాయి. ఇంతటి ఒత్తిడిలోనూ మనవాళ్లు వదులుకోని పద్ధతులలో గోళ్ ఖాయెరో ఒకటి.

గోళ్ ఖాయెరో

గోళ్ అంటే బెల్లం. గోళ్ ఖాయెరో అంటే బెల్లం తినడం. తెలుగువాళ్లు తాంబూలాలు పుచ్చుకోవడం అన్నట్టే మనవాళ్లు బెల్లం తిన్నాం అంటారు. మాట ఖాయమైందని దాని అర్థం.

అబ్బాయివైపు పెద్దలు తమ నాయక్‌ను వెంటబెట్టుకుని అమ్మాయి తండాకు వెళ్లేవారు. అక్కడి నాయక్, కార్భారి, డావ్ కూర్చునేవారు. ముందు గోత్రాలు చూసుకోవాలి. భూక్యా, వడ్త్యా, చవాన్, పమార్, ఇలా ఎవరు ఎవరికి అన్నదమ్ముల వరసో, ఎవరు ఎవరికి పిల్లనివ్వవచ్చో తేల్చుకున్నాకే మాట ముందుకు సాగుతుంది. ఓలి ఎంతో తేలుతుంది. అప్పుడు బెల్లం పంచుతారు. ఆకూ వక్కా, తాగుడు కూడా ఉంటాయి. ఆ బెల్లం తెచ్చేది, ఆ ఖర్చు మోసేది అబ్బాయివైపు వాళ్లు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ బెల్లం అబ్బాయీ అమ్మాయీ ఇద్దరే తినలేదు. తండా అంతా తింది. ముసలివాళ్లూ పిల్లలూ తలా ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. తిన్న ప్రతివాళ్లూ సాక్షే. రేపు అబ్బాయివైపు మాట తప్పితే, అమ్మాయిని ఏడిపిస్తే, బెల్లం తిన్నవాళ్లందరికీ నసాబులో కూర్చుని అడిగే హక్కు ఉంటుంది. తప్పు చేసినవాళ్లకు తప్పు వేస్తారు. అంటే బెల్లానికి డబ్బు పెట్టినవాడికి హక్కులు పెరగలేదు, బాధ్యతలు పెరిగాయి.

రెండోది, అడగడానికి వచ్చినవాడే పెట్టుకోవాలన్న న్యాయం. ఆడపిల్ల తండ్రి గుమ్మం ముందు ఎవరో వచ్చి నిలబడితే, వాళ్లకు మర్యాద చేయడానికి ఆయన అప్పులపాలు కానక్కర్లేదు. ఈ న్యాయం ఇవాళ మన తండాల్లో తలకిందులైపోయింది కనుక, దాన్ని గుర్తు చేయడం అవసరమనిపించింది.

అయితే ఒక లోపం దాచకుండా చెప్పుకోవాలి. ఆ కూటమిలో నాయక్ మాట్లాడాడు, తండ్రి మాట్లాడాడు, మేనమామ మాట్లాడాడు. పిల్ల మాట్లాడలేదు. ఎవరి కోసం బెల్లం పంచుతున్నారో ఆ మనిషిని అడిగినవాళ్లు లేరు. పెళ్లినాడు మన ఆడపిల్లలు పాడుతూ ఏడ్చే ఢావలో ఎందుకంత గుండెలు పిండేదిగా ఉంటుందో అర్థం చేసుకోవడానికి ఈ సంగతి కూడా తెలియాలి.

ఓలి అంటే ధరా?

పుస్తకాలు రాసిన బయటివాళ్లు చాలామంది ఓలిని చూసి గిరిజనులు ఆడపిల్లల్ని అమ్ముకుంటారని రాశారు. ఇది మనల్ని అవమానించే మాట. దీనికి జవాబు చరిత్రలోనే ఉంది.

గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కం నాటకాన్ని 1897లో అచ్చువేసినప్పుడు ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా రాయించగా 1034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు. అంతకన్నా పసివాళ్లు, ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. అంటే డబ్బు తీసుకుని పిల్లనివ్వడం అడవిలో పుట్టిన అలవాటేమీ కాదు. శాస్త్రాలు చదివిన ఇళ్లలోనూ జరిగింది. అక్కడ పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టడానికి డబ్బు చేతులు మారింది. మన దగ్గర ఓలి, ఒక పనిచేసే మనిషిని పోగొట్టుకుంటున్న ఇంటికి ఇచ్చిన పరిహారం. రెండిటినీ ఒకే గాట కట్టకూడదు.

మన పక్కనే ఉన్న ఎరుకలవారి పద్ధతి చూస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో దాని వివరం ఉంది. వారిలో పిల్ల ఓలి 20 వరహాలు. ఇంటిలో మొదటి ఇద్దరు ఆడపిల్లల మీద మేనమామకు హక్కు. ఆ హక్కు విలువ 8 వరహాలు. మేనమామ తన కొడుకులకు ఆ పిల్లల్ని చేసుకుంటే 20కి బదులు 12 వరహాలే ఇస్తాడు. తనకు కొడుకులు లేకపోయినా, వద్దనుకున్నా, ఆ పిల్లను చేసుకున్న బయటివాడు ఇచ్చిన 20లో 8 వరహాలు మేనమామకు వెళతాయి. ఇది సంతలో వస్తువును అమ్మే లెక్కలా లేదు. పిల్లను పెంచడంలో, కాపాడడంలో ఎవరెవరికి భాగం ఉందో వాళ్లందరికీ వాటా పంచే లెక్క ఇది.

కానీ ఇక్కడ కూడా నిజాన్ని రెండో వైపు నుంచి చూడాలి. వాటాలు మేనమామకు ఉన్నాయి, తండ్రికి ఉన్నాయి. పిల్లకు వాటా ఎక్కడ? ఓలి పుచ్చుకున్న అనేక తెగల్లో, భర్తతో పొసగక ఆడమనిషి విడిపోవాలంటే ఓలి లెక్క మళ్లీ బయటికి వచ్చేది. పుట్టింటివాళ్లు తిరిగి కట్టాలి, లేదా ఆమెను మారుమనువు చేసుకునేవాడు మొదటి భర్తకు కట్టాలి. కట్టే స్తోమత లేకపోతే ఆమె కష్టాన్ని భరిస్తూ అక్కడే పడి ఉండాలి. విడిపోయే హక్కు మన సంప్రదాయంలో ఉండడం మంచిదే. పై కులాలవారిలో చాలాకాలం అదీ లేదు. అయితే ఆ హక్కు తలుపుకు డబ్బు తాళం వేసి ఉంది. ఖర్చు పెట్టినవాడు ఆ ఖర్చును హక్కుగా మార్చుకున్నప్పుడల్లా జరిగేది ఇదే.

తిరగబడిన లెక్క

ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1956లో. మునేరుకు ఎగువన, నిజాం రాజ్యం నుంచి వచ్చిన ఖమ్మం వైపు లంబాడీలకు ఆ గుర్తింపు రావడానికి 1976 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అది 1977లో అమలైంది. వత్సవాయి పొలిమేర అవతలా ఇవతలా ఒకే గోత్రం, ఒకే బోలి, ఒకే తీజ్ పండుగ. అయినా ఇరవై ఏళ్లపాటు ఒక తోడికోడలి పుట్టిల్లు గిరిజన ఇల్లు, మరో తోడికోడలి పుట్టిల్లు కాదు.

గుర్తింపుతో చదువులు వచ్చాయి. చదువులతో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. ఇది పోరాడి తెచ్చుకున్న మేలు, దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ మేలు వెంటే ఒక చీడ కూడా వచ్చింది. తండాలో ఒక అబ్బాయికి ఉద్యోగం రాగానే అతనికి ఒక వెల ఏర్పడింది. చుట్టుపక్కల మోతుబరి రైతు కుటుంబాల్లో కట్నాలు చూసి మనవాళ్లూ కట్నం అడగడం మొదలుపెట్టారు. భూమి ఉన్నవాడికి ఒక రేటు, జీతం ఉన్నవాడికి ఒక రేటు. ఒకటి రెండు తరాల్లో ఓలి పోయి కట్నం కూర్చుంది. బెల్లం ఒకప్పుడు అబ్బాయివైపు నుంచి వచ్చేది. ఇప్పుడు పెళ్లిచూపులకు వచ్చిన బండి కిరాయి దగ్గరనుంచి, వచ్చినవాళ్లకు పెట్టే మాంసం కూర దాకా అంతా ఆడపిల్ల తండ్రి నెత్తిన పడింది. మిరప కోతకు, పత్తి తీతకు ఎండలో వంగిన అమ్మాయి కూలి డబ్బే చివరికి ఆమె కట్నమవుతోంది. ఒకప్పుడు ఆమె శ్రమకు విలువ కట్టి ఇంటివాళ్లకు ఇచ్చారు. ఇప్పుడు ఆమె శ్రమనూ తీసుకుని, ఆమె దగ్గరే డబ్బూ తీసుకుంటున్నారు.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో నల్లగొండ జిల్లా చూపించింది. 1999లో, మళ్లీ 2001లో దత్తత పేరుతో ఆడశిశువులను అమ్మిన వ్యవహారాలు బయటపడ్డాయి. దేవరకొండ, చందంపేట వైపు లంబాడీ తండాల పేర్లు దేశమంతా మోగాయి. పేదరికం ఒక కారణం, కట్నం భయం మరో కారణం. ఆడపిల్ల పుడితే ఇంటికి ఎడ్లు వస్తాయనుకున్న జాతిలో, ఆడపిల్ల పుడితే అప్పు పుట్టిందనుకునే రోజు వచ్చింది. ఇంతకన్నా పెద్ద ఓటమి ఏముంటుంది?

చట్టం విషయంలో మన యువకులకు ఒక అపోహ ఉంది. మాకు మా ఆచారం ఉంది, మాకు ఆ చట్టాలు వర్తించవు అంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదన్నది నిజమే. మన పెళ్లిళ్లు మన ఆచారం ప్రకారం చెల్లుతాయి. కానీ 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో తెగలకు అలాంటి మినహాయింపు లేదు. పెళ్లికి సంబంధించి ఒక పక్షం మరో పక్షానికి ఇచ్చే ఆస్తీ సొమ్మూ ఏదైనా, ఎటునుంచి ఎటు పోయినా, ఆ చట్టం కింద కట్నమే. ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. 1986 సవరణ తర్వాత శిక్ష కనీసం అయిదేళ్ల జైలు.

బయటి దేశాల లెక్క

డేట్ అనే మాట అమెరికా నుంచి వచ్చింది. ఈ అర్థంలో అది 1896లో ఒక చికాగో పత్రిక రచనలో కనిపిస్తుంది. దానికి ముందు అక్కడి మధ్యతరగతిలో అబ్బాయి అమ్మాయి ఇంటికి వచ్చేవాడు. ఆమె తల్లి ఎదుట కూర్చుని మాట్లాడేవాడు. తినుబండారాలు అమ్మాయి ఇంటివాళ్లవే. నగరాలు పెరిగి, కలుసుకోవడం ఇంటిలోంచి హోటళ్లకు, నాటకశాలలకు మారాక ఖర్చు అబ్బాయి జేబుకు మారింది. ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల జీతం మగవాళ్ల జీతం కన్నా చాలా తక్కువ. చివరికి సాయంత్రం వినోదానికి మగవాడే డబ్బు పెట్టాలన్నది ఆచారమైంది. పెట్టినవాడు బదులుగా ఏదో ఆశించడం కూడా ఆ ఆచారంలో భాగమైంది. న్యూయార్కు కార్మిక యువతుల జీవితం మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి క్యాథీ పైస్ 1986లో ఈ సంగతి వివరంగా రాశారు.

చూశారా? సముద్రాల అవతల, మన తండా పేరు కూడా వినని మనుషుల మధ్య నడిచిన కథ కూడా ఇదే దారి పట్టింది. ఆడమనిషి కూలి తక్కువ కాబట్టి మగవాడు పెట్టాడు. పెట్టాడు కాబట్టి అడిగాడు. మన హోటల్ బల్ల దగ్గర తల దించుకున్న అమ్మాయి భయం కూడా అదే. ఇవాళ ఇతని బిర్యానీ తిన్నాను, రేపు ఇతని మాట కాదనగలనా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్న సామెత వింటూ పెరిగిన పిల్లకు ఆ భయం సహజం.

ఇప్పుడు మనం చేయాల్సింది

మేము చెప్పే మాట ఓలిని తిరిగి తెమ్మని కాదు. మగపిల్లవాడే బిల్లు కట్టాలని కూడా కాదు. గోళ్ ఖాయెరోలోని మంచిని తీసుకుని, చెడును వదిలేద్దామంటున్నాం.

మంచి ఏమిటి? అడగవచ్చినవాడు ఎదుటివాళ్ల మీద భారం వేయకపోవడం. మాట నలుగురి ఎదుట ఉండడం. పెట్టిన చేతికి బాధ్యత పెరగడం. చెడు ఏమిటి? అమ్మాయిని అడగకపోవడం. పెట్టిన ఖర్చును తాళంగా మార్చడం.

కాబట్టి అబ్బాయిలకు ఒక మాట. మీరు పిలిచి ఉంటే మీరు కట్టండి, మంచిదే. కానీ ఆ బిల్లు అక్కడితో తీరిపోయిందని మీ మనసులో గట్టిగా అనుకోండి. ఆమె రేపు వద్దంటే, తినిపించిన లెక్క ఎత్తకండి. స్నేహితుల దగ్గర కూడా ఎత్తకండి. అమ్మాయిలకు ఒక మాట. మీ చేతిలో కూలి డబ్బో, స్కాలర్‌షిప్ డబ్బో ఉన్నప్పుడు మీ వాటా మీరు పెట్టండి. అది అతన్ని అవమానించడం కాదు. మీ నోటికి తాళం పడకుండా చూసుకోవడం. కట్టనిచ్చినా కట్టనివ్వకపోయినా, ఒక పూట భోజనం మీ ఒప్పుకోలు కాదని గుర్తుంచుకోండి. ఇంటి పెద్దలకు ఒక మాట. పెళ్లిచూపుల భోజనం, బండి కిరాయి రెండు ఇళ్లవాళ్లూ సగం సగం పంచుకునే పద్ధతి మొదలుపెట్టండి. చిన్న ఖర్చులో సగం పంచుకోని ఇల్లు, రేపు పెద్ద ఖర్చులో కట్నం అడుగుతుందని ముందే తెలిసిపోతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు చివరి మాట. పాఠ్యపుస్తకంలో మన పెళ్లిళ్ల చరిత్ర లేదు. కానీ ప్రతి తండాలోనూ ఇంకా ఓలి పుచ్చుకుని పెళ్లయిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక పని ఇవ్వండి. మీ నాయనమ్మ గోళ్ నాడు బెల్లం ఎవరు తెచ్చారు, ఓలి ఎంత, ఎన్ని ఎడ్లు, ఆమెను ఎవరైనా అడిగారా, మీ అమ్మ పెళ్లికి కట్నం ఎంత, ఆ అప్పు ఎన్నేళ్లకు తీరింది, ఈ ప్రశ్నలు అడిగి గోర్ బోలిలో విని తెలుగులో రాసుకురమ్మనండి. ఒక్కో ఇంట్లో రెండు తరాల లెక్క పక్కపక్కన పెడితే, మనం ఈ వ్యాసంలో చెప్పినదంతా ఆ పిల్లల నోట్‌బుక్కులోనే కనిపిస్తుంది. ఆ లెక్క చూసిన పిల్ల కట్నానికి తల వంచదు. ఆ లెక్క చూసిన పిల్లవాడు బిల్లు కట్టి హక్కు అడగడు.